మిషిన్‌కు దూపైతుంది

"నీళ్లు బంద్ చేసే వాల్ ఏడుంది భాభీ?" అని అడిగాడు ఫిట్టర్ భాయ్. మా వంటింటి నేల మీద వెల్లకిలా పడుకుని, తల బండ కింద దూర్చి, చేత్తో గోడంతా తడుముతున్నాడు. గ్రానైట్ బండ కింద అలమారాల మధ్య బిగించిన పాత బోళ్ల మిషిన్‌ను, అదే డిష్‌వాషర్‌ను, ఊడదీసి దాని జాగాలో కొత్తది పెట్టడానికి వచ్చాడు. కొత్తది ఇంకా అట్టపెట్టెలోనే వసారాలో ఉంది. ఊడదీసేటప్పుడు పైపుల్లో మిగిలిన నీళ్లు కారతాయని ఒక టబ్బు, పాత గుడ్డలు ముందే అడిగి తీసుకుని పక్కన పెట్టుకున్నాడు.

నాకు తెలియదన్నాను. ఆ మిషిన్ దగ్గర కూర్చుని దానితో పోట్లాడిన మనిషి ఈ ఇంట్లో ఒక్కతే. ఆమె పోయిన వానాకాలం చనిపోయింది.

ఆమె నాకు తోటికోడలు, మా బావ భార్య. నేను అక్కా అనేదాన్ని. పేరు రాయను. ఈ ఇంట్లో ఎవరూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు, ఇప్పుడు నేను మొదలుపెడితే ఎవరో పరాయి మనిషి గురించి రాసినట్టుంటుంది. మా అత్తగారికి ఆమె "ఏందే". బావకు "ఇగో". మా ఊరు సిరొంచ బజారుకు "దుకాణం పెద్ద కోడలు". ఏటి ఒడ్డు ఊరు అంకిసలో పుట్టి పెరిగింది కాబట్టి చేపల సంగతి బాగా తెలుసు. మా ఇంట్లో చేపలు వండరు కాబట్టి ఆ తెలివి ఆమెకు ఎందుకూ పనికిరాలేదు.

అక్క అంటే నాకు ముందు చప్పుడే గుర్తొస్తుంది. పెరట్లో నల్లా కింద ఒక నున్నటి బండ ఉంది, దాని ముందు పీట వేసుకుని బోళ్లు తోమేది. ఆమెకు కోపం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మొహం చూడనక్కర్లేదు. పళ్లెం మీద పళ్లెం ఎట్లా పడుతోందో వింటే చాలు. మా వాడకట్టులో అందరికీ ఆ లెక్క తెలుసు. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "ఇయ్యాల మీ ఇంట్ల ఏమైంది?" అని నన్ను అడిగేది. అత్తగారు వసారాలోంచి "ఏందే ఆ సప్పుడు?" అని అరిస్తే అక్క తల ఎత్తకుండా, "బోళ్లు ముచ్చట పెట్టుకుంటున్నయి అత్తమ్మా. నన్నేం జెయ్యమంటరు" అనేది.

ఒక్కో బోలుకు ఒక్కో చుట్టం పేరు పెట్టింది. అడుగు మందంగా ఉండి ఎంత రుద్దినా మసి వదలని పెద్ద గంజు మా మామగారు. వంకర గరిటె మా బావ. చాయ వడబోసే జల్లి అత్తగారు. "మంచిదంత కిందికి ఇడిశిపెడ్తది, పిప్పి నోట్ల పట్టుకోని కూసుంటది" అని దాన్ని బండ మీద ఠపఠపా కొట్టేది. మూత బిగుసుకుని ఎంతకీ రాని డబ్బా మా ఆయన. నేను చిన్న సర్వను. "గింతంత ఉంటది, కింద పడితే ఊరంత ఇనబడ్తది" అని నా మొహం చూసి చెప్పేది. ఇంటి మనుషులను ఎదురుగా ఏమీ అనలేని ఆడది వాళ్లందరినీ రోజూ రెండు పూటలా బూడిద పెట్టి తోమేది. నేను పీట పక్కన నిలబడి నవ్వలేక చచ్చేదాన్ని.

మనుషుల మంచిచెడ్డలు కూడా ఆమె బోళ్లను బట్టే చూసేది. మా ఆయన మీద ఆమెకు మంచి అభిప్రాయం. "మీ ఆయన బంగారం. ఒక్క పళ్లెంల తిని లేస్తడు." బావ మాత్రం పప్పుకో గిన్నె, చారుకో గిన్నె, పెరుగుకో గిన్నె, పచ్చడికి మళ్లీ వేరే సాసరు ఉంటేనే ముద్ద దింపుతాడు. చుట్టాలు వస్తే వాకిట్లో చెప్పులు లెక్కబెట్టుకుని లోపలికి పోయేది. తాను మాత్రం పళ్లెం పెట్టుకోదు. అందరూ తిన్నాక, అన్నం గంజులోనే మిగిలిన కూర వేసుకుని కలుపుకుని, గంజును ఒళ్లో పెట్టుకుని తినేది. ఒక బోలు తగ్గుతుందని. అత్తగారు చూస్తే ఇల్లు పీకి పందిరి వేసేది, వండిన గంజును ఎంగిలి చేసిందని. "ఎంగిలైతే ఏమైతది, కడిగేది నేనే గద" అని అక్క ఇంకో ముద్ద పెట్టుకునేది.

ఈ ఎంగిలి సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా అత్తగారింట్లో తిన్న పళ్లేలు, వండిన గంజులు ఒక్క నీళ్లలో కలవకూడదు. తిన్నవి పెరట్లో, బండ దగ్గర. వండినవి వాటి తర్వాత, వేరే పీచుతో, వేరే నీళ్లతో. పూజ సామాను ఇంకో చోట, చింతపండుతో. ఎంగిలి పళ్లెం వంటింటి గడప దాటి లోపలికి రాకూడదు. బయటి మనిషి చేయి ఏ బోలు మీదా పడకూడదు. కాబట్టి పనిమనిషి మాటే లేదు. అంత మడీ ఆచారం ఎవరి చేతుల మీద నిలబడిందో ఆ చేతులను మాత్రం ఎవరూ చూడలేదు.

ఆ చేతులు పగిలిపోయి ఉండేవి. ఎండాకాలం, వానాకాలం తేడా లేదు. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని, కణుపుల దగ్గర చీరుకుపోయి, ఉప్పు తగిలితే ఎగిరిపడేది. జిమల్‌గట్ట దిక్కు నుంచి అంగడికి వచ్చే ఒక ముసలామె దగ్గర ఇప్పనూనె కొని చిన్న సీసాలో దాచుకుని, పని అయ్యాక అరచేతులకు పట్టించుకునేది. పొద్దున లేచి మళ్లీ నీళ్లలో పెట్టేది. ఆ నూనె వాసన ఆమె చీర కొంగుకు, నా పిల్లల నెత్తికి కూడా అంటుకుని ఉండేది, వాళ్ల జడలు ఆమే వేసేది కాబట్టి.

గోదావరి మీద వంతెన పడ్డాక మా దుకాణం పెరిగింది. బావ ఇల్లు బాగు చేయించాడు. చంద్రపూర్ నుంచి పనివాళ్లను పిలిపించి వంటింటికి అలమారాలు, గ్రానైట్ బండ, పొగ లాగే చిమ్నీ పెట్టించాడు. అప్పుడే ఈ మిషిన్ వచ్చింది. అక్కే అడిగింది. ఆమె నోరు తెరిచి ఒక వస్తువు అడగడం నేను చూసింది అదొక్కసారే. తాలూకా ఆఫీసులో ఎవరో సాహెబు ఇంట్లో చూసి వచ్చి, అన్నం వడ్డిస్తూ బావకు చెప్పింది. "దాంట్ల పెడితే అదే కడుగుతదట. నా చేతులకు జర సుఖమైతది." బావ సరే అన్నాడు. సరే అనడం బావకు ఎప్పుడూ కష్టం కాదు.

మిషిన్ వచ్చింది, బండ కింద బిగించారు, కరెంటు ఇచ్చారు. తలుపు తెరిస్తే లోపల లైటు వెలిగేది. చుట్టాలు వస్తే బావ వాళ్లను వంటింటి గడప దాకా తీసుకొచ్చి తలుపు తెరిచి చూపించేవాడు. తాలూకాలో ఇంకెవరింట్లోనూ ఇట్లా గోడలో కలిపి పెట్టింది లేదని చెప్పేవాడు. అక్క వెనక చాయ కప్పుల పళ్లెంతో నిలబడి ఉండేది.

కానీ అది నడవలేదు. మొదటి రోజే పళ్లేలు సర్ది, బటన్ నొక్కింది. కాసేపు మూలిగి, కీచుకీచుమని అరిచి ఆగిపోయింది. ముందు భాగంలో నల్లా బొమ్మ ఒకటి ఎర్రగా వెలిగింది. బావను పిలిచి అడిగితే ఆయన వంగి చూసి చెప్పాడు. "మన బోరు నీళ్లు ఉప్పుగున్నయి. ఆ బొమ్మ గదే చెప్తది, నీళ్లు పనికిరావని. ఇక్కడి నీళ్లకు ఇది నడువది. ఏం జేస్తం." అత్తగారు వసారాలోంచి, "మంచిగైంది. ఎంగిలి వంటింట్లకు తెద్దామని చూసిండ్రు" అంది. అక్క పళ్లేలన్నీ బయటికి తీసి పెరట్లోకి మోసుకుపోయింది.

అయినా ఆమె దాన్ని వదల్లేదు. వారానికోసారి, పదిరోజులకోసారి, అత్తగారు గుడికి పోయిన వేళ చూసుకుని దాని ముందు కూర్చునేది. బటన్ నొక్కేది. అది మూలిగేది, కీచుమనేది, నల్లా బొమ్మ వెలిగేది. ఆమె దాని తలుపు మీద చేయి వేసి వినేది. ఒకరోజు నన్ను పిలిచి, "ఇటు రా. ఇది ఉప్పు నీళ్లని అంటలేదు. దీనికి దూపైతుంది" అంది. దాహం వేస్తోందట మిషిన్‌కు. "నల్లా బొమ్మ ఎందుకు ఏసిండ్రు మరి? నీళ్లు అడుగుతుంది. పొలగాండ్లు గూడ గిట్లనే మూలుగుతరు దూపైతే."

ఇంతలోనే ఆగి ఉంటే బాగుండేదేమో. ఆమె ఆగే మనిషి కాదు. పెరట్లోకి పోయి బిందెడు నీళ్లు పట్టుకొచ్చి, మిషిన్ తలుపు తెరిచి లోపల గుమ్మరించింది. తలుపు మూసి బటన్ నొక్కింది. అది ఈసారి ఇంకా గట్టిగా మూలిగింది. తలుపు సందుల్లోంచి నీళ్లు కారి వంటింట్లో మా మడమలు తడిశాయి. లోపలి నీళ్లు ఎటూ పోలేదు. ఇద్దరం కూర్చుని గ్లాసుతో తోడి, గుడ్డలతో పిండి, నేలంతా తుడిచాం. ఇంకా సగం తడి ఉండగానే అత్తగారు వచ్చింది. ఆ రోజు ఆమె అన్న మాటలు రాయను.

బావ మాత్రం నవ్వాడు. మర్నాడు దుకాణంలో గల్లా దగ్గర కూర్చుని వచ్చిన వాళ్లందరికీ చెప్పాడు. "మా ఇంటామె బోళ్ల మిషిన్‌కు బిందెతోని నీళ్లు తాపింది. దూపైందట దానికి." దుకాణం నవ్వింది. గోధుమల కోసం వచ్చినవాళ్లు నవ్వారు, సిమెంటు కోసం వచ్చినవాళ్లు నవ్వారు. అహేరి దాకా పోయింది ఆ మాట. పెళ్లిళ్లలో బావ సాటివాళ్లు అక్కను చూసి, "వదినా, మిషిన్‌కు నీళ్లు తాపినవా ఇయ్యాల?" అని అడిగేవాళ్లు. ఏళ్ల తరబడి అడిగారు. ఆమె నవ్వేది. ఇంటికొచ్చాక బోళ్ల చప్పుడు వాడకట్టంతా వినబడేది. వంకర గరిటె ఇంకొంచెం వంకరైంది.

ఆ తర్వాత ఆమె మిషిన్ బటన్ నొక్కడం నేను చూడలేదు.

మా ఇంటికి గాజులు తెచ్చే ముసలామె ఉండేది, ముస్లిముల ఆడది, సిరొంచలో ప్రతి ఆడదాని చేయి కొలత ఆమెకు తెలుసు. ఒక పండుగ ముందు వసారాలో మూట విప్పింది. అత్తగారు మంచం మీద, బావ కుర్చీలో పేపరు చదువుతూ. అక్క చేయి పట్టుకుని గాజు ఎక్కించబోతే కణుపు దగ్గర చర్మం గాజుకు పట్టుకుని చిట్లింది. రక్తం వచ్చింది. ముసలామె గాజు కింద పెట్టి ఆ చేతిని రెండు వైపులా తిప్పి చూసింది.

"ఇదేంది బిడ్డా, ముండ్ల కంప పట్టుకున్నట్టున్నది" అంది. తర్వాత అత్తగారి వైపు తిరిగి, "అమ్మా, మీ ఇంట్ల మిషిన్ ఉన్నదని ఊరంత చెప్పుకుంటది. జర ఈ పిల్ల చేతులకు ఆసరా కానియ్యుండ్రి" అంది.

"అది మా నీళ్లకు నడువది" అంది అత్తగారు. "నడిచినా ఎంగిలి నా వంటింట్లకు రానియ్య."

బావ పేపరు ఒక పేజీ తిప్పాడు. ఆ పేజీ తిప్పిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ముసలామె ఆ రోజు గాజులు అమ్మలేదు. మూటలోంచి నూనె తీసి, అక్క అరచేతిని తన మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో వేలూ రుద్దింది. అక్క కళ్లు మూసుకుంది. ఆమె మొహం అంత మెత్తగా అవడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత చటుక్కున చేయి లాక్కుని కసిరింది. "ఇగ చాలు. ఎక్కువ రుద్దకు, అలవాటైతది."

ఆమె జ్వరంతో పోయింది. అహేరి తీసుకుపోయారు, అక్కడి నుంచి చంద్రపూర్ తీసుకుపోయారు, దారిలోనే నా చేయి పట్టుకుని, "ఇంట్ల బోళ్లు ఎవరు తోముతున్నరు?" అని అడిగింది. చివరి స్నానం చేయించినప్పుడు ఆమె చేతులకు ఇప్పనూనె నేను పట్టించాను. అత్తగారు చూసి, ఇప్పుడెందుకు నూనె అంది. నేను రెండో అరచేతికి కూడా పట్టించాను. బోళ్లు తోమడం అప్పటి నుంచి నా పని.

ఇప్పుడు అక్కా బావల కొడుక్కు పెళ్లయింది. పిల్ల నాగ్‌పూర్‌ది, కాపురానికి రాబోతోంది. అందుకే కొత్త మిషిన్. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు, ఆమె చేతులు చల్లగా ఉండాలి.

ఫిట్టర్ భాయ్ వాల్ దొరక్క, సరేలెమ్మని కరెంటు తీసేసి, బండ కింద మరలు ఊడదీశాడు. కింది పట్టీ లాగేశాడు. కాళ్లు తిప్పి కిందికి దించి, మెల్లగా మిషిన్‌ను ముందుకు లాగాడు. ఏళ్ల దుమ్ము, రెండు మూడు ఎండు బల్లులు, ఒక చెంచా బయటపడ్డాయి. టబ్బు దగ్గరికి లాక్కుని వెనక్కి చేయి పెట్టాడు. తర్వాత వంగి చూశాడు.

"భాభీ, ఇట్ల రాండ్రి" అన్నాడు.

మిషిన్ వెనక రెండు పైపులు ఉన్నాయి. నీళ్లు లోపలికి తెచ్చేది ఒకటి, మురికి నీళ్లు బయటికి పంపేది ఒకటి. రెండూ చుట్టలు చుట్టి, ప్లాస్టిక్ పట్టీలతో కట్టి, మిషిన్ వీపుకు వేలాడుతున్నాయి. పైపు మూతికి కంపెనీ పెట్టిన మూత అట్లాగే ఉంది.

"దీనికి నీళ్లే ఇయ్యలే" అన్నాడు. "సుక్క గూడ తాగలే ఇది."

"ఉప్పు నీళ్లని ఆపేసిండ్రు" అన్నాను.

"ఉప్పు నీళ్లయితే దాంట్ల ఏసేటి మందు వేరే ఉంటది భాభీ, దానికి జాగా గూడ ఉన్నది. మంచి నీళ్లో ఉప్పు నీళ్లో దీనికి తెలిస్తే గద. పైపు కట్ట గూడ ఇప్పలే." గోడ వైపు చూపించాడు. అక్కడ నీళ్ల పాయింటు ఉంది. మూత బిగించి, దాని మీద రంగు వేసేశారు. మిషిన్ పైపుకు, దానికి మధ్య జానెడు దూరం.

ఆ జానెడు దూరాన్ని నా చేత్తో కొలిచి చూశాను. నల్లా బొమ్మ అన్నేళ్లు ఎర్రగా వెలిగి చెప్పిందల్లా ఒక్కటే మాట, నీళ్లు లేవని. ఈ ఇంట్లో ఆ మాట విన్నది ఆమె ఒక్కతే. విన్నందుకు తాలూకా అంతా నవ్వింది.

మధ్యాహ్నం బావ అన్నానికి వచ్చాడు. వడ్డించాను. ఆయన పప్పు గిన్నె, చారు గిన్నె, పెరుగు గిన్నె, సాసరు అన్నీ పెట్టాను. తినడం అయ్యేదాకా ఆగాను. అంత ఓపిక నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. చేయి కడుక్కుంటుంటే అడిగాను.

"మిషిన్‌కు నీళ్లు ఎందుకు ఇయ్యలేదు బావా?"

ఆయన తడబడలేదు. తువ్వాలుతో మూతి తుడుచుకుని మెత్తగా చెప్పాడు. ఆయన ఎప్పుడూ మెత్తగానే మాట్లాడతాడు. "అమ్మ ఒప్పుకోలే. ఆమె వద్దంటది, ఈమె కావాలంటది. ఇంట్ల కొట్లాటెందుకని, పెట్టుండ్రి గానీ నీళ్లు ఇయ్యొద్దని ఫిట్టింగోళ్లకు నేనే చెప్పిన. ఇద్దరికీ మంచిగుంటదని."

"ఇద్దరికీ."

"అప్పటి మాట అదంత. ఇప్పుడైతే అమ్మ గూడ ఏమంటలేదు. నాగ్‌పూర్ పిల్ల, గీ ఎంగిలి గింగిలి చెప్తే ఇంటదా?"

మా బావ చెడ్డవాడు కాదని సిరొంచలో అందరూ అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కొట్టలేదు, తిట్టలేదు, అడిగిన వస్తువు తెచ్చిపెట్టాడు. తల్లికి మడి, పెళ్లానికి మిషిన్, చుట్టాలకు చూపించడానికి లైటు, అన్నీ ఇచ్చాడు. ఇంట్లో గొడవ లేకుండా చూశాడు. ఆ గొడవంతా ఆమె వేళ్ల సందుల్లో పెట్టాడు. పైగా ఆమె నీళ్లు పోస్తే, ఎందుకు పోసిందో ఊళ్లో ఆయన ఒక్కడికే తెలిసి ఉండి, ఊరందరికంటే ముందు ఆయనే నవ్వాడు. నేను దీన్ని క్షమించలేను. క్షమించమని ఎవరూ నన్ను అడగవద్దు.

"భాయ్" అని ఫిట్టర్‌ను పిలిచాను. "పాతది దుకాణం గోదాముకు పోదు. పెరట్లకు తీసుకపో. అక్క బండ పక్కన పెట్టు. అక్కడి నల్లాకు పైపు ఇయ్యి."

బావ చెప్పుల్లో కాలు పెట్టబోయి ఆగాడు. "ఏందమ్మా ఇది, కొత్తది ఉండంగ?"

"నడుస్తదో లేదో చూస్త" అన్నాను. ఇన్నేళ్లలో బావకు ఎదురు మాట్లాడడం అదే మొదలు. చిన్న సర్వ కింద పడింది, అక్క ఉంటే అదే అనేది.

ఫిట్టర్ భాయ్‌కు విషయం ఎంత అర్థమైందో తెలియదు, ఒక్క మాట అడగకుండా మిషిన్‌ను గోనెసంచి మీద పెట్టి పెరట్లోకి లాగాడు. పైపుల కట్టలు కోశాడు. మూత తీశాడు. ఒక పైపు నల్లాకు బిగించి, రెండోది అరటి చెట్ల పాదులోకి వదిలాడు. కరెంటు వైరు కిటికీలోంచి తెచ్చాడు. అప్పుడు మాత్రం నన్ను చూసి చెప్పాడు. "ఏండ్లసంది ఎండిపోయున్నది భాభీ. లోపల రబ్బర్లు పట్టుకున్నయో ఏమో. నడుస్తదని మాటియ్య."

నాకు అప్పుడు భయం వేసింది. నడవకపోతే బావ మాటే నిజమైపోతుంది. ఇక్కడి నీళ్లకు ఇది నడవదు అని ఆయన మళ్లీ మెత్తగా అంటాడు. అక్క మళ్లీ ఒకసారి నవ్వులపాలవుతుంది, ఈసారి చచ్చిపోయి కూడా.

బావ ఇప్పుడే తిన్న పళ్లెం పెట్టాను. ఆయన గిన్నెలన్నీ పెట్టాను. మామగారి పెద్ద గంజు, అత్తగారి చాయ జల్లి, వంకర గరిటె, మా ఆయన డబ్బా, నన్ను కూడా పెట్టాను. తిన్నవి, వండినవి, అన్నీ ఒకేదాంట్లో. ఫిట్టర్ భాయ్ కొత్త మిషిన్‌తో వచ్చిన సబ్బు బిళ్ల ఒకటి వేశాడు. తలుపు మూసి బటన్ నొక్కాను.

అది మూలిగింది. నాకు తెలిసిన మూలుగే. తర్వాత కీచుమంది. నల్లా బొమ్మ ఎర్రగా వెలిగింది. పెరటి తలుపు దగ్గర నిలబడ్డ బావ గొంతు సవరించుకున్నాడు.

"ఆగుండ్రి, నల్లా ఇంక తిప్పలే" అన్నాడు ఫిట్టర్ భాయ్. వంగి తిప్పాడు. పైపు ఒక్కసారి కదిలింది. లోపల నీళ్లు పడుతున్న చప్పుడు మొదలైంది, ఆగి ఆగి కాదు, ధారగా. మళ్లీ బటన్ నొక్కాడు. ఎర్ర బొమ్మ ఆరిపోయింది.

కింద ఒక మూల నుంచి కొంచెం నీళ్లు కారాయి. ఫిట్టర్ భాయ్ గుడ్డ పెట్టాడు. మిషిన్ మాత్రం ఆగలేదు. లోపల నీళ్లు తిరుగుతున్నాయి, పళ్లేలు ఒకదానికొకటి మెల్లగా తగులుతున్నాయి. అక్క చప్పుడులాగా లేదు ఆ చప్పుడు. ఎవరి మీదా కోపం లేని చప్పుడు. అది విని నాకు ఏడుపు ముంచుకొచ్చింది, ఇంత సుఖమైన చప్పుడు ఆమె ఒక్కసారి కూడా వినలేదని.

అత్తగారు లోపలి మంచం మీంచి అడిగింది. "ఏం సప్పుడే అది పెరట్ల?"

బావ వైపు చూశాను. చెబుతాడేమోనని. ఆయన అరటి చెట్ల వైపు చూస్తున్నాడు.

"అక్క మిషిన్, అత్తమ్మా" అన్నాను గట్టిగా. "నీళ్లు తాగుతుంది."



అది అయ్యేదాకా బావను అక్కడి నుంచి పోనివ్వలేదు. పోవద్దని చెప్పలేదు, దారికి అడ్డంగా అక్క పీట వేసుకుని కూర్చున్నాను. ఆయన నిలబడే ఉన్నాడు. దుకాణం నుంచి ఫోన్ వచ్చినా ఎత్తలేదు. మిషిన్ తన పని చేసుకుని, మురికి నీళ్లు పాదులోకి వదిలి, తానే ఆగిపోయింది. తలుపు తెరిస్తే ఆవిరి వచ్చింది. పెద్ద గంజు మసి కొంచెం మిగిలింది. అది అక్కకు కూడా లొంగలేదు. మిగతావన్నీ శుభ్రంగా ఉన్నాయి.

బావ పళ్లెం తీసి ఆయన చేతికిచ్చాను. వేడికి తువ్వాలు అడ్డం పెట్టుకుని పట్టుకున్నాడు.

"అక్క బిందెతోని నీళ్లు పోసిందని దుకాణంల చెప్పిన్రు గద బావా" అన్నాను. "రేపు ఇది గూడ చెప్పుండ్రి. ఎందుకు పోసిందో."

ఆయన పళ్లెం బండ మీద పెట్టి, చప్పుడు కాకుండా పెట్టి, వెళ్లిపోయాడు.

కొత్త మిషిన్ వంటింట్లో పెట్టేశారు, నీళ్లు ఇచ్చారు, నడుస్తోంది. పాతది పెరట్లోనే ఉంది, నా బోళ్లు నేను దాంట్లోనే పెడతాను. నెల దాటింది. మా ఆయన్ను రోజూ అడుగుతున్నాను, దుకాణంలో బావ ఆ సంగతి ఎవరికైనా చెప్పాడా అని. డబ్బా మూత ఎప్పటిలాగే బిగుసుకుని, లేదని తల ఊపుతుంది. బావ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను. గోధుమల కోసం వచ్చి నవ్వినవాళ్లు, సిమెంటు కోసం వచ్చి నవ్వినవాళ్లు, పెళ్లిళ్లలో నవ్వినవాళ్లు వినండి. దానికి నిజంగానే దూపైంది.